పంతొమ్మిది పలికితే...

ఆ హాస్టల్లో చీకటి పడ్డాక పాత హాలు ముందు నిలబడి "పంతొమ్మిది" అని పిలవకూడదు. పిలిస్తే, తాళం వేసిన తలుపు అవతల నుంచి ఓ చిన్న గొంతు పలుకుతుందట... "లేదు మేడమ్" అని.

కొత్తగా విన్నవాళ్లు నవ్వుతారు. ఉన్నానని భయపెట్టాలి గాని, తను లేనని తనే చెప్పుకునే దెయ్యమేమిటి? అలా నవ్వినవాళ్లని వాచ్‌మన్ తాత ఏమీ అనడు. "కూర్చో, మొత్తం విని నవ్వు" అంటాడంతే.

అది ఆడపిల్లల హాస్టల్. పిల్లలకి పేర్లున్నాయి గాని వాటితో ఎవరికీ పనిలేదు. పెట్టె మీద నంబరు, పళ్లెం మీద నంబరు, దుప్పటి మూల నంబరు. పన్నెండేళ్ల కిందట, వార్డెనమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఆ పాత హాల్లోనే నలభై మందీ పడుకునేవాళ్లు. కిటికీలన్నిటికీ ఇనుప జాలీ. తలుపు ఒక్కటే. గోడకి వేలాడదీసిన ఎర్ర బకెట్లలో ఇసుక తప్ప అన్నీ ఉండేవి.

"ఇంకో తలుపు పెట్టించండి సార్" అని ఆవిడ అడిగితే, "పిల్లలు పారిపోతే నువ్వు తెస్తావా?" అన్నారు మేనేజరుగారు.

ఒక రాత్రి స్విచ్‌బోర్డు అంటుకుంది. ఆవిడ పిల్లల్ని బయటికి తోలి, ఆ పొగలో, ఆ ఏడుపుల్లో, దగ్గుతూనే హాజరు పిలిచింది.

"పంతొమ్మిది!"

"ఉన్నా మేడమ్!"

నలభైకి నలభై. "లోపల ఎవరూ లేరండీ" అని ఫైరింజన్ వాళ్లకి చెప్పింది ఆవిడే. ఆ మాట నమ్మి వాళ్లు బయట నుంచే నీళ్లు కొట్టారు.

తెల్లారాక మూల మంచం కింద దొరికింది... పంతొమ్మిది.

పలికింది పక్క మంచం పిల్ల. పంతొమ్మిది ఎప్పుడూ ఆలస్యమే. ప్రార్థనకైనా భోజనానికైనా "వస్తున్నా మేడమ్!" అని దూరం నుంచే అరుస్తూ, చెప్పులు టపటపలాడించుకుంటూ అందరికంటే వెనక వచ్చేది. అది వచ్చేలోపు తిట్లు పడకుండా ఈ పిల్ల దాని బదులు పలికేది. ఆ రాత్రీ అలవాటుగా నోరు పలికేసింది. ఎనిమిదేళ్ల పిల్ల, దానికేం తెలుసు!

ఆ గొంతు ఎవరిదో వార్డెనమ్మ గుర్తుపట్టింది. విచారణకి వచ్చినవాళ్లతో మాత్రం "లెక్క తప్పింది నేనేనండీ" అంది. తిట్లన్నీ తనే తింది. ఆ పిల్ల పేరు ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు.

అప్పట్నుంచి పంతొమ్మిది నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు. నంబర్లు నలభై దాకా ఉంటాయి, పిల్లలు ముప్పై తొమ్మిది మందే. రోజూ రాత్రి ఆవిడ ఒక్కో పిల్ల గడ్డం పట్టుకుని, ముఖం చూశాకే తర్వాతి నంబరు పిలిచేది. పిల్లలకి అదో తమాషా. ఆవిడకి మాత్రం అలా చూడకపోతే నిద్రపట్టేది కాదు.

కొత్త భవనం కట్టారు. పెద్ద మనసు చేసుకుని రెండు మెట్లదారులు పెట్టారు. ఒకటి ఖాళీగా ఎందుకని దాని కింద పాత పరుపులు కుక్కారు. తీయించమని ఆవిడ మూడు ఉత్తరాలు రాసింది. ఎవరూ చెవిన పెట్టలేదు.

కిందటేడు ఆ పరుపులే అంటుకున్నాయి.

కరెంటు పోయింది. ఆవిడ, వాచ్‌మన్ తాత కలిసి పిల్లల్ని రెండో మెట్ల మీదుగా దింపారు. ఖాళీ జాగా ఉన్నది పాత హాలు ముందే... అక్కడే నిలబెట్టారు. అప్పుడు చూసుకుంది, కళ్లజోడు లేదు! దిండు కింద ఉండిపోయింది. చీకట్లో పిల్లలు మసకగా కదులుతున్నారు. ఒక్క ముఖమూ ఆనడం లేదు.

దేవుడా, మళ్లీ గొంతులనే నమ్మాలా?

వేరే దారి లేదు. పిలవడం మొదలుపెట్టింది. ఒకటి... రెండు... పద్దెనిమిది... ఇరవై...

"ముప్పై ఒకటి!"

"ఉన్నా మేడమ్!"

ఆ వెంటనే... వీపు వెనక... తాళం వేసిన తలుపు అవతల నుంచి...

"లేదు మేడమ్..."

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. ముందుకు తడుముకుంటూ వెళ్లి, "ఉన్నా" అన్న పిల్ల చెయ్యి దొరకబుచ్చుకుంది.

"నిజం చెప్పు తల్లీ. నువ్వెవరు?"

"ముప్పై రెండు మేడమ్... అది బాత్రూంకి వెళ్లింది... వచ్చేస్తానంది..."

ఆవిడ చెంగు తడిపి ముక్కుకి కట్టుకుని లోపలికి పరిగెత్తింది. వెనకే గునపంతో తాత. పొగలో బాత్రూం తలుపులు ఆరు, అన్నీ మూసే ఉన్నాయి.

"ముప్పై ఒకటీ! ముప్పై ఒకటీ!"

ఉలుకూ పలుకూ లేదు. ఊపిరి ఆడడం లేదు. తాత ఆవిడ భుజం పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. అప్పుడు ఆవిడ నంబరు వదిలేసి, ఆ పిల్లని వాళ్లమ్మ పిలిచే పేరుతో గొంతు చించుకుని పిలిచింది.

నాలుగో తలుపు వెనక చిన్న దగ్గు.

గునపంతో గడియ విరిగింది. పిల్ల బతికింది.

ఫైరింజన్ వెళ్లాక తాత మెల్లగా అడిగాడు. "పలికింది అది కాదని ఎవరు చెప్పారమ్మా?"

ఆవిడ పాత హాలు వంక చూసింది. పిల్లల్నడిగితే ఒక్కరికీ ఏమీ వినపడలేదన్నారు.

"నాకూ వినపడిందమ్మా" అన్నాడు తాత, గొంతు తగ్గించి.

ముప్పై ఒకటి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రాత్రి ఆవిడ అందరినీ పేర్లతో పిలిచి, ముఖాలు చూసి, ముప్పై తొమ్మిది మందినీ పడుకోబెట్టింది. తర్వాత తాతని టార్చి పట్టుకురమ్మని పాత హాలు దగ్గరికి వెళ్లింది. తుప్పుపట్టిన తాళం తీసి, తలుపు బార్లా తెరిచింది.

పంతొమ్మిది అనలేదు. పేరు పెట్టి పిలిచింది.

"రా తల్లీ, బయటికి రా. ఈసారి నీ ముఖం చూశాకే లెక్క ముగిస్తాను."

ఏ చప్పుడూ లేదు. చాలాసేపు... చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

అప్పుడు ఎక్కడో లోపల్నుంచి — "వస్తున్నా మేడమ్!"

చెప్పుల టపటప. హాలు పొడవునా పరిగెత్తుకొచ్చి, గడప దాటి, ఆవిడ ముందుకొచ్చి ఆగింది. తాత టార్చి వేశాడు. అక్కడ ఎవరూ లేరు.

ఆవిడ మాత్రం వంగి, రోజూ పట్టుకున్నట్టే చీకట్లో ఓ గడ్డం పట్టుకుని, కాసేపు చూసి, "నలభై" అంది.