చెరపకూడని గాడిద

సోమవారం ఉదయం మొదటి పీరియడ్‌లో గాడిద చనిపోయింది.

గాడిద కథలోది. సముద్రానికి ఇటు ఒక బడి, అటు వేరే దేశంలో ఇంకో బడి. రెండుచోట్లా తెలుగు నేర్చుకునే నాలుగో తరగతి పిల్లలు ఆన్‌లైన్‌లో ఒకే కథ రాస్తున్నారు. ఒకరోజు వీళ్ళ వంతు, ఒకరోజు వాళ్ళ వంతు. వంతుకొక వాక్యం. అవతలివాళ్ళు రాసింది చెరపకూడదు, కొనసాగించాలి. ఆఖరి రెండు వాక్యాలు మాత్రం చెరొకటి చొప్పున టీచర్లు రాయాలి.

ఇటువైపు పిల్లలు గాడిదను పుట్టించారు. అటువైపు పిల్లలు "దానికి జ్వరం వచ్చి చచ్చిపోయింది" అని రాశారు.

ఇటు తరగతిలో ఏడుపులు మొదలయ్యాయి. మాస్టారు ఇంటర్వెల్‌లో అటువైపు టీచరుకు వీడియో కాల్ చేశాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"మా గాడిదను ఎందుకు చంపారండీ?"

"నేను చంపలేదండీ. జ్వరం."

"రెండో వాక్యానికే జ్వరమా? పిల్లలకి కాస్త చెప్పొచ్చు కదా!"

"పిల్లలు రాసింది నేను ముట్టుకోను. ఆ రూల్ పంపింది మీరే." ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "అన్నట్టు, కాళ్ళు బెంచీ మీంచి దించండి సార్. ఒక సాక్సు ఎరుపు, ఒకటి పచ్చ. అన్నీ కనిపిస్తున్నాయి."

మాస్టారు కాళ్ళు దించాడు.

మర్నాడు ఇటువైపు పిల్లలు రాశారు: "గాడిద చావలేదు, హోంవర్క్ ఎగ్గొట్టడానికి నటించింది."

ఆ మర్నాడు అటునుంచి వచ్చింది: "అది ఒక కాలికి ఎర్ర సాక్సు, ఒక కాలికి పచ్చ సాక్సు వేసుకుంటుంది."

మాస్టారు మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఇది వాళ్ళకెలా తెలిసిందండీ?"

"నా వెనకే నిలబడి చూశారు."

తర్వాత ఒక కామా గురించి చేశాడు. ఆ తర్వాత ఒత్తుల గురించి చేశాడు.

"ఇవాళ దేని గురించి సార్?"

"ఇంకా అనుకోలేదండీ."

ఆ వారం ఇటువైపు పిల్లలు కథలోకి కళ్ళజోడు పెట్టుకున్న గుర్రాన్ని తెచ్చారు. అది గాడిద తప్పులు దిద్దుతుంది.

ఒక గురువారం అటునుంచి వాక్యం వచ్చింది: "గుర్రం వాళ్ళమ్మ ఆదివారం ఒక ఏనుగును టీకి పిలిచింది, ఏనుగు బ్యాంకు మేనేజరు."

మాస్టారు ఇంటర్వెల్ దాకా ఆగలేదు.

"ఏనుగు నిజమేనా?"

"కథ కదండీ."

"నాలుగో తరగతి పిల్లలకు బ్యాంకు మేనేజరు ఊరికే తడతాడా?"

ఆమె గొంతు తగ్గించింది. "మా అన్నయ్య కూతురు ఈ క్లాసులోనే ఉంది. మా అమ్మేమో నా సంబంధాల గురించి ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంది."

"మరి మీరేమన్నారు?"

"రేపు వంతు మీది సార్."

శుక్రవారం మాస్టారు తరగతికి ముందుగా వచ్చాడు.

"గాడిద పరిగెత్తుకెళ్ళి గుర్రాన్ని ఒక మాట అడిగింది. ఇలా రాద్దామా?"

"వద్దు సార్. గాడిదకి ఆకలేస్తోంది. గడ్డి తింటుంది."

"గడ్డి తర్వాత తినొచ్చురా!"

"ఖాళీ కడుపుతో ఏం అడుగుతుంది సార్?"

ఓటింగ్ పెట్టారు. తరగతి మొత్తం గడ్డికే చేతులెత్తింది. "గాడిద గడ్డి తింది" అని మాస్టారే టైపు చేశాడు.

ఆదివారమంతా ఫోన్ పక్కనే కూర్చున్నాడు. అది మోగలేదు. తను చేయడానికి ధైర్యం చాల్లేదు.

సోమవారం వాక్యం వచ్చింది: "ఏనుగు గుమ్మంలో పట్టలేదు, బయటే టీ తాగి వెళ్ళిపోయింది."

మాస్టారు దాన్ని తరగతికి రెండుసార్లు చదివి వినిపించాడు.

ఆఖరి రోజు రెండు తరగతులూ వీడియోలో కలిశాయి. ముందు మాస్టారి వాక్యం. "గాడిద మూతి తుడుచుకుని, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని గుర్రాన్ని అడిగింది."

అటువైపు ఎవరో కెవ్వుమన్నారు. టీచరు కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "గుర్రం సరేనంది, కానీ స్వయంగా వచ్చి మా అమ్మను అడగమంది."

"సార్, చెరపకూడదు!"

"నేనెందుకు చెరుపుతానురా!"

సెలవుల్లో మొదటి శనివారం మాస్టారు విమానం దిగి ఆ ఇంటి తలుపు తట్టాడు. టీచరు వాళ్ళమ్మ తలుపు తీసింది. వెనకే మనవరాలు, ఆ వెనక టీచరు.

"గాడిద ఈయనేనా?"

"ఈయనే నానమ్మా. సాక్సులు చూడు."

ఒకటి ఎరుపు. ఒకటి పచ్చ.

ఆవిడ అతన్ని చూసింది. గుమ్మాన్ని చూసింది.

"రా బాబూ."

మాస్టారు గుమ్మంలో పట్టాడు.