పొన్ను లేని రోకలి

ఆ ఉదయం పూలి ఇంట్లో అన్నీ సవ్యంగానే మొదలయ్యాయి. పొయ్యి మీద టీ మరుగుతోంది. వాకిట్లో డీసీఎం వ్యాను నిలబడి ఉంది. పెండ్లికొడుకు కోటేష్ అద్దం ముందు మీసం దిద్దుకుంటున్నాడు. టేకులపల్లి అడవి అంచున ఉన్న ఆ తండా నుంచి, కారేపల్లి దగ్గర పెండ్లికూతురు సోని వాళ్ల తండాకు బయల్దేరడమే తరువాయి.

"రోకళ్లు దించినవా?" వాకిట్లోంచి కేకేశాడు రూప్‌సింగ్. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని అతనిది. మిషన్ల మోతలో మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా కేకలే.

"దించుతున్న. నీ లెక్క వాకిట్ల నిలబడితే దిగుతయా అవి?" లోపల్నుంచే జవాబిచ్చింది భార్య పూలి.

పెండ్లిలో రెండు రోకళ్లు పక్కపక్కన పాతుతారు. కొత్తజంట వాటి చుట్టూ ఏడుసార్లు తిరుగుతుంది. వేరే ఇళ్లలో ఏ రోకలైనా పరవాలేదు. రూప్‌సింగ్ ఇంట్లో మాత్రం పెండ్లికని ప్రత్యేకంగా ఒక జత ఉంది. అతని తండ్రి అడవిలో సండ్రచెట్టు కొట్టి చేసినవి. రూప్‌సింగ్, పూలి వాటి చుట్టూనే తిరిగారు. కొడుకు పెండ్లి ఎక్కడ జరిగినా ఆ జత వెంట పోవాల్సిందే.

పూలి అటకెక్కింది. పాత గంపల వెనక చెయ్యి పెట్టింది. ఒక రోకలి తగిలింది. పక్కకు తడిమింది. గోడ తగిలింది.

గంపలన్నీ కిందికి విసిరేసింది. లేదు.

"ఏమయింది యాడీ? తుఫాను లెక్క గంపలు రాలుతున్నయ్?" కోటేష్ నవ్వుతూ అటక కిందికి వచ్చి తల్లిని అడిగాడు.

"ఒక్కటే ఉంది రా..." పూలి అటక మీంచి తొంగిచూసింది. "రెండో రోకలి లేదు."

"పక్కింటి సక్రి అత్త తీస్కపోయిందేమో. మన జల్లెడ గట్లనే పోయింది గదా."

"పెండ్లి రోకలి ఎవరు ముట్టుకుంటర్రా!" ఆ ఒక్కటీ దించి, పూలి అటక కింద ఆనించింది.

రూప్‌సింగ్ మంచాల కింద చూశాడు. బియ్యం డ్రమ్ముల వెనక చూశాడు. తండా పెద్ద తుల్సీరాం నాయక్ వచ్చే వేళయింది. జత సరిగ్గా ఉందో లేదో చూసి, పసుపు బొట్టు పెట్టి వ్యానెక్కించేది ఆయనే.

సరిగ్గా అప్పుడే వెనక రేకుల షెడ్డు తలుపు తెరుచుకుంది.

"అన్నా! కండ్లు మూస్కో!"

రూప్‌సింగ్ చిన్న కూతురు భార్గవి. కొత్తగూడెంలో డిప్లొమా పూర్తిచేసి, అక్కడే ఒక ఆర్కెస్ట్రాలో బాస్ గిటార్ వాయిస్తుంది. అదీ అడిగి తెచ్చుకున్న గిటార్‌తో. అందుకే ఈ వానాకాలంలో కొరియర్‌లో ఒక కిట్ తెప్పించుకుంది. చెక్క ముక్కలు, తీగలు, మరలు విడివిడిగా వస్తే బిగించుకోవాలి. షెడ్డులో చెక్కకు రందా పడుతూ, ఉప్పుకాగితం రుద్దుతూ ఉంటే, 'ఏదో బొమ్మ చేసుకుంటోంది' అనుకున్నారే తప్ప లోపలికి ఎవరూ తొంగిచూడలేదు.

ఇప్పుడు ఆ గిటార్ రెండు చేతుల్లో ఎత్తిపట్టుకుని వచ్చింది. ముదురు ఎరుపు చెక్క. దానికి పొడవాటి, నున్నగా మెరిసే మెడ. నాలుగు లావాటి తీగలు, వాటి కింద అడ్డంగా సన్నటి లోహపు మెట్లు.

"నీ బరాత్‌కి అన్నా! ఇయ్యాల నేనే వాయిస్త. కిట్‌ల వచ్చిన మెడ ముసురుకు వంకరపోయింది. నేనే వేరేది చేసి పెట్టిన. దాని తలకాయ కోసి దీనికి అతికిచ్చిన. జర బరువైంది గానీ బెల్టు తగిలిచ్చే మర జరిపిన, ఇప్పుడు తల వాలుతలేదు. ఏడు సార్లు ఉప్పుకాగితం..."

మాట మధ్యలో ఆగిపోయింది. తల్లి ముఖం చూసింది.

పూలి చూపు గిటార్ మెడ వెనక భాగం మీద ఆగిపోయింది. అక్కడ చెక్కలో ఒక నల్లటి ముడి ఉంది. చుట్టూ వలయాలతో, రెప్ప వెయ్యని కన్నులా. తన పెండ్లినాడు ముసుగు కింద తల వంచుకుని తిరుగుతుంటే ప్రతి చుట్టుకూ ఎదురైంది ఆ కన్నే. భయంతో కాళ్లు తడబడుతుంటే దాన్ని చూసే నడిచింది పూలి.



"ఇది... ఇది యాడికెల్లి తెచ్చినవ్?"

"అటక మీద ఉండె గదా యాడీ. పాత రోకలి."

 రూప్‌సింగ్ గడపలోనే నిలబడిపోయాడు. 

"కోసినవా? పెండ్లి రోకలిని కోసినవా?" పూలి ముందుకు దూకి కూతురి జబ్బ పట్టుకుంది.

"పెండ్లి రోకలా?" భార్గవి ముఖం పాలిపోయింది. "నాకేం తెల్సు? దంచే రోకలికి కొసన ఇనుప పొన్నుంటది. దీనికి లేదు. పొన్ను లేదు, దెబ్బ తగల్లేదు, ఎక్కడా పగులు లేదు. ఎవరో చేసి సగంల వదిలేసిండ్రు, పనికిరాదేమో అనుకున్న!"

"దంచకూడదు గనకనే దానికి పొన్ను పెట్టలె! తండాల పుట్టినదానివి, గంత కూడా తెల్వదా?"

"ఎట్ల తెలుస్తది?"

అంత గట్టిగా ఆ పిల్ల ఎప్పుడూ అరవలేదు.

"చెప్పు యాడీ, ఎట్ల తెలుస్తది? పాలపళ్లు ఊడకముందే హాస్టల్ల ఏసినవ్. బలరాం బావ పెండ్లికి వస్తనంటే 'పరీక్షలున్నయ్, రాకు' అన్నవ్. తీజ్ పండుగకు పిల్లలంతా గోధుమ మొలకలు పెంచుతుంటే నేను హాస్టల్ల ఎక్కాలు చదివిన. సెలవులకొచ్చి 'ఇదేంది, అదేంది' అంటే 'నీకెందుకు, నువ్వు చదువుకో' అన్నవ్. నువ్వు మన తండా మాట మాట్లాడితే నేను తెలుగుల జవాబు చెప్త. ఎన్నడన్న గమనించినవా? ఈ ఇంట్ల ఏ వస్తువు ఏందో నాకెవరు చెప్పిండ్రు?"

పూలి చెయ్యి కూతురి జబ్బ మీద నుంచి జారిపోయింది. రోకలి పోయిందన్న దెబ్బకన్నా ఇది లోతుగా తగిలింది. హాస్టల్ గేటు కడ్డీలు పట్టుకుని ఏడ్చిన చిన్నపిల్ల కళ్లముందు మెదిలింది. తనలా కూలికి పోకూడదని పంపింది. వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. బిడ్డ చదువుతో తిరిగొచ్చింది. ఇల్లు మాత్రం దానికి పరాయి ఇల్లయిందని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఏందిది? పెండ్లి ఇల్లా, పంచాయతీ ఇల్లా?" తుల్సీరాం నాయక్ లోపలికొచ్చాడు. "జత యాడ?"

 ఆయన చూపు అటక కింద ఆనించిన ఒంటి రోకలి మీద పడింది. తర్వాత భార్గవి చేతిలోని గిటార్ మీద. 

"రోకలికి తీగలు కట్టినవా పిల్లా!"

"తప్పయింది కాకా. తెల్వక చేసిన."

"తెల్వక చేసినా తెగింది తెగిందే. తెగిన జతతోని ఈ ఇంటి పెండ్లి జరగదు. ఆడపెండ్లోళ్లకు ఫోన్ చెయ్యి రూప్‌సింగ్. వేరే జత చేపిచ్చి, ముహూర్తం మళ్ల చూద్దాం."

"కాకా, వంటలైతున్నయ్ అక్కడ!" కోటేష్ అరిచాడు. "సోని పసుపు బట్టల్ల కూసొని ఉంటది!"

రూప్‌సింగ్ ఫోన్ తీశాడు. నంబరు నొక్కబోతుండగా టంగ్‌మని చప్పుడయింది.

భార్గవి నేల మీద కూర్చుంది. స్క్రూడ్రైవర్ ఆమె చేతిలో ఉంది. తీగలు ఒక్కొక్కటే వదులై మూలుగుతున్నాయి. తర్వాత గిటార్‌ను బోర్లా తిప్పి, మెడ అతుకు దగ్గరున్న మరలు విప్పడం మొదలుపెట్టింది. ఎన్నో రోజులు అరచేతులు బొబ్బలెక్కేలా చేసిందంతా ఆమె వేళ్ల మధ్యనే విడిపోతోంది. కళ్ల నీళ్లు మరల మీద పడుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

మెడ విడిగా చేతిలోకి వచ్చేసింది.

"ఈ అతుకుకు జిగురు పెట్టలె కాకా. మరలే. విడిపోతది. వెనక గుండ్రం రోకలిదే, నున్నగ రుద్దిన గానీ కొయ్యలె. పొడుగు తగ్గింది, అంతే. ఇగో... తీస్కపోండి. నేను బరాత్‌ల వాయించను. అన్న పెండ్లి ఆపకుండ్రి."

 విప్పేస్తే మళ్లీ రోకలవుతుందని ఎవరూ ఊహించలేదు.

తుల్సీరాం తల అడ్డంగా ఊపాడు. "ముందు మెట్లున్నయ్, తలకాయుంది. దీన్ని రోకలంటే నవ్వుతరు పిల్లా."

"నవ్వనియ్యండి."

ఆ మాట పూలిది. ఆమె వంగి ఆ మెడను రెండు చేతులతో తీసుకుంది. వెనక్కి తిప్పి, నల్లటి ముడి మీద బొటనవేలు ఉంచింది.

"నాయక్, మొగోళ్లు తలెత్తుకొని తిరుగుతరు, రోకలి మొత్తం సూస్తరు. ముసుగేసుకొని తిరిగినదాన్ని నేను. నేను సూసింది ఈ ముడి ఒక్కటే. ఇది నా రోకలే. కాదనేటోళ్లుంటే నాకు చెప్పమనుండ్రి." కొంగుతో కూతురి ముఖం తుడిచింది. "లే బిడ్డా. స్క్రూలు పోగొట్టకు. మళ్ల పనికొస్తయ్."

తుల్సీరాం చాలాసేపు ఆ ముడిని చూశాడు. చివరికి పసుపు డబ్బా తెరిచాడు.

"పట్టుకో సక్కగ," అన్నాడు. "బొట్టు యాడ పెట్టాలె, తీగల దిక్కా, వెనకనా?"

కారేపల్లి తండాలో ఆడపెండ్లివాళ్లు మొదట నోళ్లు వెళ్లబెట్టారు. ఒక ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇది మోగుతదా?" అని అడిగింది. భార్గవి ఆ గిటార్ మెడ అడుగుభాగానికి ప్లాస్టిక్ కవరు చుట్టి తానే గుంటలో నిలబెట్టింది. నిండు సండ్ర రోకలి, దాని పక్కన మెట్లు మెరిసే జత రోకలి. కోటేష్ వెనక సోని ముసుగులో తల వంచుకుని తిరిగింది. ఏడో చుట్టుకు ఆ పిల్ల వేలు చాచి, నల్లటి ముడిని ఒక్క క్షణం తాకడం పూలి చూసింది. 

సాయంత్రం అప్పగింతల వేళ పూలే స్వయంగా ఆ మెడను పెకిలించింది. మట్టి తుడిచింది. పసుపు మాత్రం తుడవలేదు. భార్గవి వ్యాను పక్కన కూర్చుని మరలు బిగించి, తీగలు సవరించింది. లోపల ఆడవాళ్లు సోనిని పట్టుకుని ఏడుపు పాట అందుకున్నారు.

"ఆ పాట నీకొస్తదా?" పక్కన కూర్చుంటూ అడిగింది పూలి.

"రాదు యాడీ."

"మెల్లగ చెప్త. నువ్వు దానితోని పట్టుకో."

పూలి ఒక్కో మాట సాగదీసి పాడింది. భార్గవి ఆ మాటలను తల్లి వెంట తప్పులతో పలుకుతూ, లావాటి తీగ మీద ఒకే స్వరం పట్టి నిలిపింది. పూలి చెయ్యి మెడ వెనక ముడి మీదే ఉంది. తన పెండ్లిలో దాని చుట్టూ తిరిగినప్పుడు అది ఉలకలేదు, పలకలేదు. ఇప్పుడు అరచేతి కింద వణుకుతోంది. పాట సగంలో పూలి ఏడుస్తూ కూతురిని దగ్గరికి లాక్కుంది.

"రేపు ఇంటికి పోయినంక ఇద్దరం అటకెక్కుదాం," అంది. "ఒక్కొక్కటి తీసి ఏది ఏందో చెప్త. అప్పటిదాక నా తల్లివి గదా, దేన్నీ కొయ్యకు."