ఇరవై ఏడు నిమిషాల రోడ్ టెస్ట్

ఉదయం ఎనిమిదీ యాభై అయిదు.

వర్క్‌షాప్ షట్టర్ పూర్తిగా పైకెత్తి ఉంది. లోపల డైనో గది. కారు కదలకుండానే, రోడ్డు మీద పరిగెత్తినట్టు రోలర్ల మీద దాని ఇంజన్‌ని పరీక్షించే చోటు. రోలర్ల మీద చిన్న ఎర్ర స్పోర్ట్స్ కారు. బానెట్ తెరిచి ఉంది. వెనక వైపు బెల్టులు బిగించి ఉన్నాయి.

డ్రైవర్ సీట్లో అరవై ఏళ్ల మనిషి. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్. తల పక్కకు వాలింది. కునుకు తీస్తున్నాడేమో అనిపిస్తుంది. బుగ్గల మీద ఎరుపు కూడా తగ్గలేదు.

ఆ ఎరుపే ఇన్‌స్పెక్టర్‌కి నచ్చలేదు.

"కార్బన్ మోనాక్సైడ్ మేడమ్, ఆ ఎరుపు దాని వల్లే," అన్నాడు డాక్టర్ గ్లవ్స్ తీస్తూ. "ఏడుకీ ఎనిమిదికీ మధ్య ప్రాణం పోయింది. గది మూసి ఇంజన్ నడిపారు. పొగ లాగే ఫ్యాన్ వెయ్యలేదు."

"మర్చిపోయారంటారా?"

"ఆ సంగతి మీరు తేల్చాలి."

ఫోన్ మోగింది. పై అధికారి.

"నిర్లక్ష్యం వల్ల ప్రమాదం అని రాసి పన్నెండులోపు ఫైల్ క్లోజ్ చెయ్యండి."

కుర్చీకీ ఇన్‌స్పెక్టర్‌కీ మామూలుగానే పడదు. ఈ ఫోన్ తర్వాత కాలుకాలిన పిల్లిలా గదంతా తిరగడం మొదలుపెట్టింది.

మూలన టూల్ బాక్స్ మీద ఓ ఇరవై ఆరేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. పోయిన మేస్త్రీ కూతురు. తండ్రితోపాటే ఇంజన్లు విప్పుతుంది. వర్క్‌షాప్‌లో ఆమెను 'పానా' అని పిలుస్తారు. ఎనిమిదీ ఇరవైకి షట్టర్ ఎత్తింది ఆమే. అప్పటికి ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది.

"మా నాన్న మర్చిపోయే మనిషి కాదు మేడమ్," అంది పానా. "ముప్పై ఏళ్లలో ఒక్క నట్టు కూడా లూజుగా వదల్లేదు. మీరు నిర్లక్ష్యం అని రాస్తే రేపు ఊరంతా అదే అంటుంది. నేను వినలేను."

"పొగ వాసన తెలియలేదా ఆయనకి?"

"కిందటేడు జ్వరం వచ్చినప్పటి నుంచీ ముక్కు పనిచెయ్యదు. అందుకే ఫ్యాన్‌కి ఎర్ర రిబ్బన్ కట్టుకున్నాడు. అది ఎగరడం కళ్లారా చూస్తేనే, చప్పుడు వీధిలోకి పోకుండా షట్టర్ దించి, ఇంజన్ స్టార్ట్ చేస్తాడు."

ఇన్‌స్పెక్టర్ తలెత్తి చూసింది. గది వెనక గోడకు ఫ్యాన్. దాని జాలీకి ఎర్ర రిబ్బన్, కదలకుండా వేలాడుతోంది.

"సీట్లో కూర్చుంటే కనబడుతుందా?"

"కనబడదు."

"స్విచ్ ఎక్కడ?"

పానా గది పక్కన వేరే తలుపుతో ఉన్న గ్లాసు క్యాబిన్ వైపు చూపించింది.

"ఈ హెడ్‌ఫోన్స్ ఎందుకు?"

"నాక్ వినడానికి. పెట్రోల్ వేళగాని వేళ పేలితే ఇంజన్‌లో టిక్కుమంటుంది. ఆ చప్పుడు పట్టుకోకుండా టర్బో ప్రెజర్ పెంచుకుంటూ పోతే పిస్టన్ పగులుతుంది. ఈ కారులో అంతా ఫ్యాక్టరీ ఇంజనే. దానికో హద్దుంటుంది. నాన్న ఒక్కో మెట్టే పెంచుతాడు. పూర్తి స్పీడుకి లాగే మూడు రన్‌లు, పది నిమిషాలు చల్లార్చడం. మళ్లీ మూడు రన్‌లు. ఎవరెంత తొందరపెట్టినా అంతే."

"అవి పెట్టుకుంటే ఫ్యాన్ చప్పుడు వినబడుతుందా?"

"పక్కన బాంబు పేలినా వినబడదు."

ఇన్‌స్పెక్టర్ నడక ఆగింది.

"నిన్న ఇక్కడ ఏమైనా గొడవ జరిగిందా?"

పానా తల దించుకుంది. "సాయంత్రం నాన్నకీ, ఇక్కడే పనిచేసే మా బావకీ మాటామాటా పెరిగింది. మేం చేసిన కారొకటి హైవే మీద ఆగిపోయింది. పిస్టన్ ముక్కలైంది. నాన్న దాని కంప్యూటర్‌లో, ప్రెజర్ ఎంతుండాలో చెప్పే మ్యాప్ చూశాడు. అది నాన్న పెట్టిన సెట్టింగ్ కాదు. హద్దు దాటించి ప్రెజర్ పెంచేశారు. బావని అడిగితే, ఇంకో పదకొండు కార్లకి కూడా అదే ఎక్కించానన్నాడు. స్పీడు కోసం జనం మన దగ్గరికే ఎగబడుతున్నారు కదా అన్నాడు."

"మీ నాన్న ఏమన్నారు?"

"పొద్దున్న పదింటికి పదకొండు మందికీ ఫోన్ చేస్తానన్నాడు. కార్లు వెనక్కి తెప్పిస్తానన్నాడు."

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది. తొమ్మిదీ నలభై. పదకొండు కార్లు. ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో.

"ఆ కార్లు ఎవరివి?"

"నాకు తెలీదు. లిస్టు బావ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది."

*

బావ పదింటికి వచ్చాడు. మేస్త్రీకి మేనల్లుడు, వర్క్‌షాప్‌లో భాగస్తుడు. ఇస్త్రీ చొక్కా, భుజాన ల్యాప్‌టాప్. కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

"పొద్దున్న ఎన్నింటికి వచ్చారు?"

"ఆరూ నలభైకి."

"తర్వాత?"

"ఏడింటికి ఈ కారు తీసుకుని రోడ్ టెస్ట్‌కి వెళ్లాను. తిరిగొచ్చి రోలర్లెక్కించి మామయ్యకి అప్పగించాను. ఎనిమిదింటికి స్పేర్ పార్ట్స్ షాపులో ఉన్నాను. కావాలంటే వాళ్లనడగండి."

"అడుగుతాం. రోడ్ టెస్ట్‌కి సాక్ష్యం?"

అతను ల్యాప్‌టాప్ తెరిచాడు. "కారు కంప్యూటర్ రాసిన లాగ్. ఏడూ నాలుగు నుంచి ఏడూ ముప్పై ఒకటి దాకా. సెకనుసెకనుకీ లెక్క ఉంది."

తెర మీద నాలుగు రంగుల గీతలు. టర్బో ప్రెజర్. పెట్రోలూ గాలీ కలిసే పాళ్లు. ఇగ్నిషన్. నాక్.

"స్పీడెంత?"

"నూట ఇరవై దాటింది. ఇదిగో, మూలన అంకె."

"చివర్లో ఏమీ లేదేం? తొమ్మిది నిమిషాలు ఇంజన్ ఊరికే నడిచింది."

"ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను." అతను తల పట్టుకున్నాడు. "మామయ్యకి వయసైపోయింది మేడమ్. ఈమధ్య మతిమరుపు. ఫ్యాన్ వెయ్యడం మర్చిపోయుంటాడు."

పానా దిగ్గున లేచింది. "నాన్నకి మతిమరుపా, బావా?"

అతను మొహం తిప్పుకున్నాడు.

*

పదకొండు దాటింది. శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కి పంపారు. ఇన్‌స్పెక్టర్ మనసు మాత్రం కుదుటపడలేదు. మనిషి అబద్ధమాడుతున్నాడని తెలుస్తోంది. కాగితం మాత్రం నిజం చెబుతున్నట్టే ఉంది.

"ఈ కారుని ఒకసారి నడిపి చూపిస్తావా?" అని పానాని అడిగింది. "ఫ్యాన్ వేసి, షట్టర్ తెరిచి పెట్టు."

పానా సీటు ముందు ఒక్క క్షణం తటపటాయించింది. కళ్లు తుడుచుకుని కూర్చుంది. ఇంజన్ గర్జించింది. రోలర్లు గిర్రున తిరిగాయి. వెనక రిబ్బన్ ఎగిరింది.

ఇన్‌స్పెక్టర్ నిలబడలేక కారు చుట్టూ నడిచింది. ముందు నుంచి పక్కకి. పక్క నుంచి వెనక్కి.

అక్కడ ఆగిపోయింది.

"ఆపు! ఆపెయ్!"

*

పదకొండూ నలభై. క్యాబిన్‌లో బావ, పానా, ఇద్దరు కానిస్టేబుళ్లు.

"ఈ లాగ్‌లో ఆ నాలుగు గీతలే ఉంటాయా?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఇంకా బోలెడుంటాయి. పని చేసేవాళ్లం ఆ నాలుగే చూస్తాం."

"మిగతావి కూడా చూపించండి."

అంకెల వరసలు తెర నిండా పరుచుకున్నాయి. ఇన్‌స్పెక్టర్ వేలు ఒక వరస మీద ఆగింది.

"ఇదేంటి?"

"ముందు చక్రాల స్పీడు. నూట ఇరవై."

"పక్కది?"

జవాబు పానా చెప్పింది.

"వెనక చక్రాల స్పీడు." ఆమె వేలు ఆ వరస వెంట కిందికి జారింది. "సున్నా. మొదటి నుంచి చివరిదాకా సున్నా."

"ఈ కారుకి ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే," అంది ఇన్‌స్పెక్టర్. "రోడ్డు మీద వెళ్తే వెనకవి కూడా తిరగాల్సిందే. ముందువి నూట ఇరవైలో తిరుగుతుంటే వెనకవి కదలకుండా ఉండే చోటు ఒక్కటే. ఆ రోలర్లు. ఏడూ నాలుగు నుంచీ కారు ఈ గది దాటలేదు. మీరూ దాటలేదు."

బావ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"పానా, ఈ రన్‌లు చూడు. ఎవరి పద్ధతి ఇది?"

పానా వంగి చూసింది. మూడు రన్‌లు. పది నిమిషాల విరామం. మళ్లీ ఒకటి, రెండు. మూడోది మధ్యలోనే ఆగిపోయింది.

"నాన్న," అంది. "ఇది నాన్నే."

"ఏడూ ఇరవై రెండుకి యాక్సిలరేటర్ నూరు నుంచి అరవై, ఇరవై, సున్నా. కాలు జారిపోయింది. రిబ్బన్ ఎగరడం చూసే ఆయన స్టార్ట్ చేశాడు. ఫ్యాన్ ఇక్కడి నుంచి మీరు కట్టేశారు. ఆ తర్వాత తొమ్మిది నిమిషాలకి లాగ్ మీరే ఆపారు; ఇంజన్ మాత్రం ఎనిమిదీ ఇరవై దాకా నడుస్తూనే ఉంది." ఇన్‌స్పెక్టర్ గాజు అద్దం వైపు చూపించింది. "మీరన్న ట్రాఫిక్ ఇదేనా? ఇక్కడ కూర్చుని చూస్తూనే ఉన్నారు."

"ఆ ఫోన్లు చేస్తే నా పని అయిపోయేది," అన్నాడు బావ నేల చూపులు చూస్తూ. "ఒక్క వారం ఆగమన్నాను. బతిమాలాను. వినలేదు."

పానా అతన్ని కొట్టలేదు. ఏడవలేదు కూడా. "చిన్నప్పుడు నీకు డ్రైవింగ్ నేర్పింది మా నాన్నే కదా, బావా," అంది.

కానిస్టేబుళ్లు అతన్ని తీసుకెళ్లారు. ఇన్‌స్పెక్టర్ ఫైల్ తెరిచి, రాసి ఉంచిన 'నిర్లక్ష్యం' అన్న మాట అడ్డంగా కొట్టేసింది. పొద్దుటి నుంచీ మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

ల్యాప్‌టాప్‌లో లిస్టు దొరికింది. పదకొండు నంబర్లు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ తియ్యబోయింది.

"నేను చేస్తాను మేడమ్," అంది పానా. చేతులు జీన్స్‌కి తుడుచుకుని, తండ్రి ఫోన్ అందుకుని మొదటి నంబరు నొక్కింది.

"మేస్త్రీ గారి వర్క్‌షాప్ నుంచండీ. కారు పక్కకి ఆపండి. గట్టిగా తొక్కకుండా మెల్లగా మా దగ్గరికి తీసుకురండి. ఆలస్యంగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాన్న పదింటికే చేద్దామనుకున్నాడు."