కాస్త తట్ట ఎత్తు బాబూ

హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటేడు, వానాకాలం. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో కొత్తగా లేచిన అద్దాల హోటలు ముందు టాక్సీ దిగాడు యుగంధర్. అప్పుడే చీకటి పడుతోంది. సన్నగా జల్లు. బజ్జీల బండి చుట్టూ జనం, ఆటోల హారన్లు, అంతా మామూలే.

అతను మాత్రం మండిపోతున్నాడు. రొయ్యల కంపెనీలకి ఐసు యంత్రాలు అమ్మే ఉద్యోగం అతనిది. ఇల్లు విజయనగరంలో. రెండు గంటలు కూడా పట్టని దారే అయినా, పొద్దున్నే మీటింగు పెట్టి, ముందురోజే వచ్చి పడుండమన్నారు. ఇంట్లో చూస్తే అమ్మ మరిడమ్మకి మెడ నొప్పి. పెళ్లయిన దగ్గర్నుంచీ నెత్తిన చేపల తట్ట మోసి మోసి కొడుకుని ఇంజనీరు చేసిన మనిషి ఆవిడ. మెడ ఎముకలు పూర్తిగా అరిగిపోయాయనీ, చెంబెడు నీళ్లు కూడా ఎత్తకూడదనీ, ఇంకొక్క బరువు పడితే మనిషి దక్కదనీ డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. యుగంధర్‌కి ఏ బెంగ వచ్చినా కోపంగానే బయటికొస్తుంది. దారి పొడుగునా డ్రైవర్ని తిడుతూనే వచ్చాడు.

హోటలు మెట్ల పక్కన ఒక ముసలామె గొంతుక్కూర్చుని ఉంది. ముందు పెద్ద చేపల తట్ట. నెత్తి మీద గుడ్డ చుట్ట తడిసి నుదుటికి అంటుకుపోయింది.

"కాస్త తట్ట ఎత్తు బాబూ... ఎల్లిపోతాను."

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మన తీరంలో పుట్టినవాడెవడికైనా ఇది తెలుసు. నిండు తట్ట ఒంటరిగా నెత్తికెత్తుకోవడం ఎవరి తరమూ కాదు, ఒంటరిగా దించుకోవడమూ కాదు. రెండిటికీ రెండో మనిషి చెయ్యి వెయ్యాల్సిందే. అందుకే చేపలమ్మి తట్ట ఎత్తమంటే ఎంత పెద్ద ఆఫీసరైనా ఒక చెయ్యి వేసి పోతాడు. బట్టలు పాడవుతాయని చూసుకోడు. మరిడమ్మకి అన్నేళ్లూ ఊరూరా అలా ఎత్తిన చేతులే లేకపోతే ఈ యుగంధర్ చదువెక్కడిది? ఈ ఉద్యోగమెక్కడిది? సిగ్గుండాలి మనిషికి!

కానీ తెల్ల చొక్కా. అద్దాల వెనక నుంచి సూట్లేసుకున్నవాళ్లు చూస్తున్నారు.

"పనీపాటా లేదా నీకు? ఆ కంపు తీసుకుపోయి ఎక్కడైనా దూరంగా పెట్టుకో!" అని కసిరాడు.

ముసలామె తలెత్తలేదు. "నీకు అమ్మ నేదేటి బాబూ?"

యుగంధర్‌కి ఒళ్లు భగ్గుమంది. "ఉంది! వెళ్లి ఆవిణ్ణే అడుగు, పో!"

అనేసి విసురుగా మెట్లెక్కి లోపలికి పోయాడు.

గది బాగానే ఉంది. తెల్లటి దుప్పటి, గోడంత టీవీ, కొత్త రంగుల వాసన. ఏసీ వేసుకుని మంచం మీద వాలాడో లేదో, ఎండుచేపల వాసన, అదీ నెత్తళ్ల వాసన, గుప్పుమంది. పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగిన వాసనే అది. చదువుకునే రోజుల్లో తోటి పిల్లలు ముక్కు మూసుకుంటే, ఆ వాసన పోవాలని ఒళ్లు రక్కుకుపోయేలా రుద్దుకుని స్నానం చేసేవాడు.

ఫోనెత్తి కింద కౌంటరులో అమ్మాయిని చెడామడా తిట్టాడు. ఎవరో వచ్చి సెంటు కొట్టి పోయారు. తలుపు మూసుకున్నాక వాసన ఇంకా చిక్కబడింది. దాని కింద ఇంకోటేదో... ఉప్పునీటి చెమ్మ వాసన.

తలుపు అవతల ఏదో బరువు నేలకి ఆనిన చప్పుడు. మెల్లగా.

యుగంధర్ లేచి తలుపు తీశాడు. వరండాలో ఎవరూ లేరు. బూడిదరంగు తివాచీ మీద, సరిగ్గా గుమ్మానికెదురుగా, గుండ్రంగా తడి మరక. తట్ట పెట్టి తీసినట్టు... అంతే వెడల్పు. చేపపొలుసు ఒకటి దీపం వెలుగుకి మెరిసింది.

"ఒరే, ఎవడ్రా అక్కడ?" అని కేకేశాడు.

గబగబా కిందికి దిగి, తలుపు దగ్గర గొడుగు పట్టుకు నిలబడ్డ వాచ్‌మన్ కాలర్ పట్టుకున్నాడు. ఎర్రన్న అని అతని జేబు మీద పేరు కుట్టి ఉంది. "ఆ ముసల్దాన్ని పైకెవడు రానిచ్చాడు? మెట్ల దగ్గర కూర్చుందే, చేపల ముసల్ది!"

ఎర్రన్న మొహంలో నెత్తురు లేదు. "తట్ట ఎత్తమన్నాదా సార్?" అన్నాడు గుసగుసగా.

"అంటే?"

"అసిరమ్మ సార్ ఆవిడ. ఈ మెట్లున్న సోటే ఆవిడ కూకునీది, ఎండుసేపలు అమ్మీది. హోటలు తెరిసీ రోజున ఆవిణ్ణి లేపీసినారు. పెద్దోళ్లొస్తన్నారు బేగి పో అన్నారు. పాపం, తట్ట ఎత్తండి బాబూ అని అందర్నీ అడిగినాది. ఎవులూ ముట్టుకోనేదు. మేనేజరు సూస్తన్నాడని నానూ ఎత్తనేదు సార్. ఆకరికి ఒక్కర్తే ఎత్తుకోబోనాది... మెడ ఇరిగి పేనం పోనాది. ఇక్కడే, సార్. ఈ మెట్టు మీదే."

"నోర్ముయ్!"

"మీరు ఎత్తీసినారు గదా సార్? ఎత్తినోళ్లని ఏటీ సెయ్యదు. ఊరికే ఎల్లిపోతాది." ఎర్రన్న అతని మొహంలోకి చూశాడు. "ఎత్తనేదా? మరి ఏటన్నారు ఆవిడితో?"

యుగంధర్ అతని కాలర్ వదిలేశాడు. తను ఏమన్నాడో గుర్తొచ్చింది.

జేబులో ఫోను మోగింది. భార్య దుర్గ.

"బావా, అత్త ఏటో అయిపోతన్నాది, బేగి వొచ్చీ!" ఏడుస్తోంది. "ఎవులో ముసిలామె గుమ్మంలోకొచ్చి తట్ట ఎత్తమన్నాదంట. నాను వొంటింట్లో ఉన్నాను, సూడనేదు. అత్త ఎల్లి ఎత్తీసినాదంట. ఆ ముసిల్ది తట్టని అత్త నెత్తినే పెట్టీసి ఎల్లిపోనాదంట."

"తీసెయ్! దించేసెయ్ దాన్ని!"

"ఏటి దించీది బావా? నెత్తి మీద ఏటీ నేదు! రెండు సేతులూ పైకెత్తి గాల్లో పట్టుకుని కూకున్నాది. దించదు. మెడ వొణికిపోతన్నాది..."

"ఫోను అమ్మకియ్యి!"

ఊపిరి ఎగబీలుస్తున్న శబ్దం. తరవాత మరిడమ్మ గొంతు, సన్నగా. "ఒరే నాయనా... బరువురా..."

"నిన్నెవరు ఎత్తమన్నారే? డాక్టరు ఏం చెప్పాడు? బుద్ధుందా నీకు?" గొంతు చించుకుని అరిచాడు. హోటలంతా తిరిగి చూసింది.

"తట్ట ఎత్తమంటే ఎత్తకుండా ఎలగరా? నీ కొడుకే పంపినాడు అన్నాది. పోన్లే, మావోడికి ఇంకా జ్ఞాపకముందిలే అనుకున్నాను..."

ఆ తరవాత యుగంధర్ ఎవర్నీ తిట్టలేదు. దొరికిన టాక్సీ ఎక్కాడు. చిలకపాలెం దాటింది, రణస్థలం దాటింది. కారు నిండా నెత్తళ్ల వాసన. డ్రైవరు అద్దం దించాడు. యుగంధర్ మనసులో తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. తన నోటిని, తన చొక్కాని, ఆ అద్దాల తలుపుల్ని.

ఇల్లు చేరేసరికి మరిడమ్మ ముందుగదిలో పీట మీద కూర్చుని ఉంది. చేతులు రెండూ తలపైన. ఖాళీ గాల్ని పట్టుకుని. మెడ భుజాల్లోకి కుంగిపోయింది. కళ్లు తేలిపోతున్నాయి.

"ఒచ్చినావా... దించు బేగి..."

దుర్గ గోడకి అంటుకుపోయి చూస్తోంది. యుగంధర్ అమ్మ తల మీది ఖాళీలోకి చేతులు చాపాడు.

వేళ్లకి తడిసిన వెదురు తగిలింది.

పట్టుకుని పైకెత్తాడు. అబ్బా, అదేం బరువు! సముద్రం మోస్తున్నట్టుంది. కింద పెట్టబోతే దిగదు. రెండో మనిషి కావాలి. చేతులు వణికి వణికి, చివరికి దాన్ని తన నెత్తినే పెట్టుకున్నాడు. మరిడమ్మ చేతులు ఒళ్లోకి జారాయి. గోడకి తలవాల్చి, చిన్నపిల్లలా నిద్రపోయింది. ఊపిరి ఆడుతోంది. బతికింది.

యుగంధర్ మోకాళ్లు వంగుతున్నాయి. చల్లటి ఉప్పునీళ్లు బొట్లుబొట్లుగా తెల్ల చొక్కా భుజం మీద పడుతున్నాయి.

"బావా, ఏటైనాది? నాను పడతానుండు..." దుర్గ రెండు చేతులూ చాపుకుని ముందుకొచ్చింది.

"ముట్టుకోకే, నీ నెత్తికెక్కేస్తుంది! నా ప్రాణం పోయినా సరే, ముట్టుకోకు!"

దుర్గ బెదిరిపోయి ఆగింది. చేతులు దించేసింది.

ఇల్లంతా నిశ్శబ్దం. వాన కూడా ఆగింది.

అప్పుడు గుమ్మం అవతల, అరుగు మీద... ఏదో బరువు నేలకి ఆనింది. మెల్లగా.

"ఇంకోటుంది తల్లీ... కాస్త ఎత్తుతావేటి?"

యుగంధర్ అరవబోయాడు. మెడ మీద బరువుకి గొంతు పెగల్లేదు. దుర్గ కూడా ఆ తీరంలో పుట్టిన పిల్లే. ఆ పిలుపు చెవినపడితే కాళ్లు వాటంతటవే లేస్తాయి.

కళ్లు తుడుచుకుని, చీరకొంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంటూ, దుర్గ గుమ్మం వైపు నడిచింది.