ఏడో సీటు మౌస్

"మళ్లీ మౌస్ పనిచేయడం లేదండీ," అంది ఏడో సీటమ్మాయి ఫోన్లో. ఆ నెలలో అది తొమ్మిదోసారి.

పుస్తకాలు అచ్చువేసే ఆఫీసు మాది. ఆమె ప్రూఫ్‌రీడర్. చేతిలో ఎర్రపెన్ను లేకుండా నేనెప్పుడూ చూడలేదు. నేను అక్కడి కంప్యూటర్లు చూసుకునే కాంట్రాక్టు మనిషిని. అందరూ 'వైర్లాయన' అంటారు.

వెళ్లిన ప్రతిసారీ మౌస్ వైరు ఊడి వేలాడుతూ ఉండేది. మౌస్ మార్చాను. వైరు గుచ్చే పోర్టు మార్చాను. ఆమె "పాపం, మీకెంత శ్రమో!" అంటూ కుర్చీ పక్కకి జరిపేది. ఆ నవ్వు చూశాక నాకు శ్రమ గుర్తుండేది కాదు.

మేనేజర్ మేడమ్‌కి మాత్రం గుర్తుంది.

"ఒక్క మౌస్ బాగుచెయ్యలేనివాడికి కాంట్రాక్టు ఎందుకు పొడిగించాలి నాయనా? శుక్రవారంలోగా కారణం రాసివ్వు. లేదంటే వేరేవాళ్లని చూసుకుంటాను."

ఉద్యోగం పోతుందన్న భయం ఎక్కువో, ఏడో సీటు నుంచి ఇక ఫోన్ రాదన్న దిగులు ఎక్కువో నాకే తేలలేదు.

మర్నాడు ఏడో సీటమ్మాయి సిస్టమ్‌లో ఓ చిన్న ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేశాను. కంప్యూటర్‌కి ఏ పరికరం ఎప్పుడు తగిలించారో, ఎప్పుడు తీశారో, పాత రోజులతో సహా జాబితా వేసి చూపిస్తుంది.

"అంటే నా గుట్టంతా చెప్పేస్తుందా?" అంది.

"మీది కాదండీ, మౌస్‌ది."

ఎందుకో ఈసారి నవ్వలేదు. ప్రూఫులు తీసుకుని మేడమ్ గదిలోకి వెళ్లిపోయింది.

జాబితా తెరిచాను. పోర్టు వదులైతే రోజంతా ఊడుతూ తగులుతూ ఉండాలి. ఇది ఊడింది తొమ్మిదే సార్లు. అన్నీ మూడున్నర ప్రాంతంలో, అందరూ టీకి లేచాక. నేను జ్వరంతో సెలవు పెట్టిన నాలుగు రోజులూ ఒక్కసారి కూడా ఊడలేదు.

ముందు ఒళ్లు మండింది. ఆటపట్టించడానికి నా ఉద్యోగమే దొరికిందా? జాబితా ప్రింటు తీసుకుని విసవిసా నడిచాను. మేడమ్ గది తలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఊడిన టైమైతే ఇందులో ఉంది. ఎందుకు ఊడిందో లేదు. ఈ కాగితం ఇస్తే నా పని నిలబడుతుంది, ఆమె పరువు పోతుంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, 'పోర్టు వదులు. గమనించకపోవడం నా తప్పే' అని వేరే కాగితం మీద రాసి లోపలికెళ్లి ఇచ్చాను.

మేడమ్ పైకి చదివింది. "అయితే ఈ నెలాఖరుతో సరి," అంది.

పక్కనే ప్రూఫులతో ఉన్న ఏడో సీటమ్మాయి చెయ్యి చాచింది. "అందులో తప్పుంది మేడమ్. ఒకసారి ఇలా ఇవ్వండి."

ఎర్రపెన్నుతో రెండు వాక్యాలూ కొట్టేసి, పైన రాసింది: 'వైరు నేనే పీకాను.'

"ఎందుకమ్మా?" అంది మేడమ్.

"ఊరికే రమ్మంటే ఆయన రారు కదండీ. ఉద్యోగం మీదికొస్తుందని తెలీదు, ఒట్టు."

"రుజువేమైనా ఉందా?" మేడమ్ నావైపు తిరిగింది. జేబులోని జాబితా ఇవ్వక తప్పలేదు. మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని, నేను చేసిన రిపేర్లు రాసి సంతకం పెట్టే పుస్తకం పక్కన పెట్టుకుని చదివింది.

"ఊడింది మూడూ ముప్పై రెండుకి. నువ్వు తగిలించింది మూడూ నలభైకి. పని పూర్తయిందని సంతకం పెట్టింది నాలుగున్నరకి. మధ్యలో యాభై నిమిషాలు ఏం బాగుచేశావు నాయనా?"

చెవులు వేడెక్కాయి. తొమ్మిదిసార్లూ అంతే మరి.

"ఏమీ లేదు మేడమ్. ఊరికే కూర్చున్నాను. ఆవిడంటే నాకిష్టం."

ఆమె ప్రూఫుల కట్టలో మొహం దాచేసుకుంది. మేడమ్ కాంట్రాక్టు ముందుకి లాక్కుని సంతకం పెట్టేసింది.

"ఐదు తర్వాత మీ ఇష్టం. ఆఫీసు మౌస్ జోలికి మాత్రం రాకండి."

మర్నాడు మూడున్నరకి ఫోన్ మోగలేదు. నాలుగున్నరకీ మోగలేదు. సరిగ్గా ఐదింటికి మోగింది.

"మౌస్ బాగానే పనిచేస్తోందండీ," అంది. "అయినా వస్తారా?"