‘లూనా’ లంగరెత్తే ముందు

"గాలి ఎటు వీస్తోంది?"

"తెరచాప చిరిగింది. చెప్పలేను."

కోడ్ సరిపోయింది. సైబర్ టవర్స్ మూడో అంతస్తులో, పేరుకు సాఫ్ట్‌వేర్ కంపెనీ, నిజానికి గూఢచారి శాఖ ఆఫీసు అయిన ఆ గది తలుపు తెరుచుకుంది. ఏజెంట్ పార్థసారథి గ్రీజు మరకల ఓవరాల్‌తోనే లోపలికి నడిచాడు. మారువేషమంటే విగ్గులూ గడ్డాలూ కావు, చూసేవాడు రెండోసారి చూడకుండా ఉండటమే అసలు వేషమని అతని సిద్ధాంతం. నేవీలో ఉన్నప్పుడు నేర్చిన రేడియో పని ఇప్పుడీ మెకానిక్ వేషానికి పనికొచ్చింది.

చీఫ్ సుబ్రహ్మణ్యం ఏసీ చలికి తట్టుకోలేక మెడకు మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు.

"లూనాకి పోర్టు క్లియరెన్స్ వచ్చేసిందయ్యా. ఇవాళ మాదాపూర్ నుంచి మాస్ట్ వెళ్లిపోతుంది. అది నిలబెట్టగానే బోటు కాకినాడ వదిలేస్తుంది. ఇదే మనకి ఆఖరి ఛాన్స్."

లూనా ఒక విదేశీ సెయిల్ బోట్. ప్రపంచం చుట్టి వస్తానని బయల్దేరిన హెన్రిక్ అనే దొర, తుఫానులో మాస్ట్ విరిగిందంటూ నెలల తరబడి కాకినాడ రేవులో తిష్ఠ వేశాడు. మాస్ట్ అంటే తెరచాపను నిలబెట్టే అల్యూమినియం స్తంభం. లోపలంతా బోలు. దాన్ని బాగు చేయించడానికి మాదాపూర్‌లో షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. అక్కడే పార్థసారథి మెకానిక్‌గా చేరాడు. సముద్రం మీద తిరిగే బోటుకి హైదరాబాద్‌లో ఏం పనని ఎవరూ అడగలేదు. ఆ షెడ్డుకి ఎదురుగా ఉన్న అద్దాల మేడల్లో ఒకదాంట్లో మన తీరం రాడార్ల సాఫ్ట్‌వేర్ తయారవుతోంది. ఆ కోడ్ పరాయివాళ్ల చేతిలో పడితే కోస్తాలో ఏ రేవుకి ఎవడొచ్చినా మనకు కనిపించడు.

"కోడ్ టేపు మాస్ట్‌లో దాచేశారని రసజ్ఞ కబురు చేసింది. దాన్ని తీసేసి నకిలీది పెట్టు. నకిలీ టేపు ఆవిడే ఇస్తుంది. ప్లానంతా ఆవిడదే, బ్రహ్మాండంగా ఉంది."

"ఎస్, సార్."

రసజ్ఞ ఆ రాడార్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్. అసలు ఉద్యోగం శాఖలో. హెన్రిక్ ముఠా లెక్కలో మాత్రం డబ్బుకి అమ్ముడుపోయిన మనిషి. డబుల్ ఏజెంట్ అన్నమాట. పార్థసారథి లెక్కలో ఇవేవీ కాదు. శ్రావణంలో అతని భార్య కాబోతున్న అమ్మాయి.

మధ్యాహ్నం ఆమె ఎస్టీమ్ కారు షెడ్డు ముందు ఆగింది. కూలింగ్ గ్లాసెస్, మెడలో పట్టు స్కార్ఫ్. షెడ్డుని కాపలా కాస్తున్న ముఠా మనిషి రాకేశ్‌ని టీ నెపంతో బయటికి తీసుకుపోతూ, పార్థసారథి చేతిలో చిన్న పొట్లం పెట్టింది.

"ఇది నకిలీది. త్వరగా కానివ్వు సారథీ."

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద క్యాసెట్, నల్ల ప్లాస్టిక్‌లో సీలు చేసి ఉంది. అతను విప్పి చూడలేదు. ఆమె ఇచ్చినదాన్ని విప్పి చూడాలని అతనికి ఎన్నడూ తోచలేదు. మాస్ట్ చివర మూత తీసి, లోపల వైర్లకు కట్టి ఉన్న టేపు లాగి, దాని స్థానంలో ఆమె ఇచ్చింది కట్టాడు. మూత బిగించాడు. దేశం నిశ్చింతగా ఊపిరి పీల్చుకోవచ్చనుకున్నాడు.

తర్వాత లారీలోకి లోడింగ్ మొదలైంది. మాస్ట్ ఎక్కింది. మియాపూర్ టెంట్‌హౌస్ వాళ్లు కుట్టి ఇచ్చిన తెరచాపలు, మోకులు, స్టీలు తీగలు ఎక్కాయి. సముద్రంలో తినడానికి సామాన్ల పెట్టె మిగిలింది. అందులో బిస్కెట్లు, చీజ్ డబ్బాలు, అడుగున గుడ్డలో చుట్టిన పెద్ద సీసా. ఏదైనా పరికరమేమోనని పార్థసారథి మూత తీశాడు.

కందిపొడి. ఘాటుగా, వాము వాసనతో.

కందిపొడిలో వాము వేసే మనిషి అతనికి తెలిసి ఒక్కరే ఉన్నారు. రసజ్ఞ వాళ్లమ్మ కనకలక్ష్మి. మూడేళ్లుగా ఆ పొడి కలుపుకుని అన్నం తింటున్నాడు. హెన్రిక్‌కి మిరియం తగిలితేనే కళ్లనీళ్లు వస్తాయి. మరి ఇది ఎవరికి?

సముద్రం చూస్తేనే వాంతి వస్తుందని చెప్పే రసజ్ఞ లూనా ఎక్కబోతోంది. తిరిగి రాని ప్రయాణానికైనా తెలుగు మనిషి పొడి లేకుండా బయల్దేరదు.

ఆమె ముఠాతో పోతోందంటే ప్లాన్ ముఠాదే. అతను మాస్ట్‌లోంచి తీసింది ఉత్తుత్తి టేపు. ఆమె ఇవ్వగా తను కట్టిందే అసలుది. కంపెనీ గేటు దాటించడం ఆమె పని, మాస్ట్‌లో పెట్టడం అతని పని. పట్టుబడితే వేలిముద్రలు కూడా అతనివే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని పెద్దలు ఊరికే అనలేదు. అతనికి ముందు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

బయట లారీ ఇంజన్ మోగింది.

"సారూ, ఇగ పోదమా? జర లేటైతే నో ఎంట్రీల ఇరుక్కపోతం," డ్రైవర్ ఈశ్వరయ్య కేకేశాడు.

టేపు పరీక్షించడానికి అక్కడ మెషిన్ లేదు. చీఫ్‌ని అడిగే వ్యవధి లేదు. టీ తాగి తిరిగొచ్చిన రాకేశ్ నడుము దగ్గర పిస్టల్ ఉంది.

"ఆగు ఈశ్వరయ్యా. మాస్ట్ బయటికొచ్చింది, ఎర్రగుడ్డ కట్టలేదు. చౌరస్తాలో ట్రాఫిక్ వాళ్లు ఆపరూ?"

"అరే, మర్చిపోయిన. జల్దీ కట్టుండ్రి."

బయటికి పొడుచుకొచ్చిన మాస్ట్ చివర ఎర్రగుడ్డ వేలాడదీసి, దాని చాటున మూత తిప్పాడు. అసలు టేపు లాగాడు. ముందు తీసి జేబులో వేసుకున్న ఉత్తుత్తి టేపు కడుతుండగా వెనక సెంటు వాసన వచ్చింది.

"అయిపోయిందా?" అంది రసజ్ఞ.

"ఒక్క ముడి." మూత పడింది. లారీ కదిలింది.

"నేను అమ్మ దగ్గరికి వెళ్తున్నా. సోమవారం పెళ్లి చీరలకి వెళ్దాం. వస్తావుగా?"

ఎంత చక్కగా అబద్ధమాడుతోందో అనుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేనన్నమాట. ఒక్క మాటంటే చాలు, ఆమె ముఖం ఎలా మారుతుందో చూడాలనిపించింది. కానీ ఆ మాట అంటే లారీ ఆగిపోతుంది.

"వస్తాను," అన్నాడు.

ఆమె అతని చెంప మీద గ్రీజు మరకను స్కార్ఫ్‌తో తుడిచి కారెక్కింది. కారు వాళ్లమ్మ ఇల్లున్న మియాపూర్ వైపు కాక లారీ వెనకే వెళ్లింది.

లూనా బయల్దేరిన రోజున చీఫ్ అతన్ని పిలిపించాడు. పార్థసారథి తెచ్చింది అసలు టేపేనని అప్పటికే తేలిపోయింది. గోడ మీది మ్యాప్‌లో ఒక చుక్క కాకినాడ నుంచి కదులుతోంది. మాస్ట్ పైనుండే దీపంలో పార్థసారథి ముందే బిగించిన ట్రాన్స్‌మీటర్ అది. ముఠా పెద్దలు ఎక్కడున్నారో ఇక బోటే చూపిస్తుంది.

"రసజ్ఞ బోటులోనే ఉందయ్యా," అన్నాడు చీఫ్, అతని వంక చూడకుండా. "నాకూ కూతురిలాంటిదే అనుకున్నాను."

పార్థసారథి తలూపాడు.

"ఒకటే భయం. ఆ టేపు ఖాళీది. పెద్దల దగ్గరికి చేరేలోపు హెన్రిక్ విప్పి చూస్తే మొత్తం పాడైపోతుంది. చూస్తాడంటావా?"

"చూడడు సార్," అన్నాడు పార్థసారథి. "ఇచ్చింది రసజ్ఞ కదా. నేను చూశానా?"