మిగిలిన ఆఖరి అధ్యాయం

ఆదివారం ఉదయం ఏడున్నరకే తిరుమలరావు ముందుగదిలో చాపలు పరిచేశాడు. హిందీ మాట్లాడే ఈ టౌన్‌షిప్‌లో, సెక్టర్ 2లోని తెలుగు ఆడవాళ్లు నెలకో నవల చదివి, ఒక్కోసారి ఒక్కొక్కరి ఇంట్లో కూడి అభిప్రాయాలు చెప్పుకుంటారు. ఆ అలవాటు మొదలుపెట్టింది అతని భార్య సింహాచలమ్మే. ఆమె పోయి ఐదు నెలలు. ఈసారి వంతు ఈ ఇంటిది. కిటికీలోంచి జారిన ఎండ, ఆమె ఎప్పుడూ కూర్చునే మూలకే వచ్చి ఆగింది. అదీ ఒక దయే అనుకున్నాడు.

"భాగ్యవతి ఆంటీ కూడా వస్తారా?" గ్లాసులు తుడుస్తూ అడిగింది కూతురు రోహిణి.

ఆంటీ! పక్క క్వార్టర్ భాగ్యవతిని మాటలొచ్చినప్పటి నుంచీ పిన్నీ అని పిలిచిన పిల్ల.

"పిలిచానమ్మా. నలభయ్యేళ్ల స్నేహం వాళ్లది."

"అమ్మ పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉంది నాన్నా. ఒక్కరోజు వచ్చారా? నేను మాత్రం ఆవిడకి టీ అందించను."

తిరుమలరావు వంగి చాప అంచు సరిచేశాడు. గోడకవతలి ఆ గొంతు కూడా దూరమైతే ఈ ఇల్లు రెండోసారి ఖాళీ అయినట్టే.

తొమ్మిదింటికి అందరూ వచ్చారు. భాగ్యవతి చివరగా వచ్చి, అట్ట వేసిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుంది. చిన్నప్పటి నుంచి ముసలితనం దాకా కలిసి బతికిన ఇద్దరు స్నేహితురాళ్ల నవల అది; తమ ఇంటి వంతుకని సింహాచలమ్మే ముందుగా ఎంచి పెట్టింది. ఒకామె మంచం పడితే రెండో ఆమె చూడటానికి రాదు.

"అదేం స్నేహితురాలమ్మా, రాయి!" అంది అందరిలో పెద్దదైన జ్ఞానప్రసూన. "పుస్తకం గోడకేసి కొట్టీసేదాన్నే. లైబ్రరీదని ఊరుకున్నాను."

అందరూ నవ్వారు.

"నువ్వేటంటావు, భాగ్యం?" అడిగింది జ్ఞానప్రసూన.

"రాకపోడానికి ఏదో కారణం ఉంటాది కదా, దీదీ."

రోహిణి చేతిలోని గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఏం కారణం ఆంటీ? బతాయియే, చెప్పండి! మా అమ్మ రోజూ తలుపు వైపే చూసేది. మీరేమో పొద్దున్నే ఫోన్లో ప్రార్థన చేసేసి చేతులు దులుపుకున్నారు!"

"ప్రార్థనా?" భాగ్యవతి తిరుమలరావు వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీరూ అలాగే అనుకున్నారా?"

అలాగే అనుకున్నాడు. ఏడింటికి ఫోను మోగగానే సింహాచలమ్మ దాన్ని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేది. వాళ్ల ప్రార్థన మధ్య ఉండటం మర్యాద కాదని అతను వరండాలోకి వెళ్లిపోయేవాడు.

భాగ్యవతి పుస్తకం తెరిచింది. ప్రతి అధ్యాయం పక్కనా పెన్సిలుతో తేదీ ఉంది.

"రోజూ ఫోన్లో దానికి ఇదే చదివి వినిపించీదాన్ని. 'నువ్వు రాకే. వస్తే ఏడుస్తావు, కథ ఆగిపోద్ది' అని ఒట్టేయించుకుంది. హిందీ బడిలో చదివినదాన్ని, నాకు తెలుగు నేర్పింది అదే కదా. కూడబలుక్కుని చదివితే, ఆయాసపడుతూనే తప్పులు దిద్దీది." చివరి తేదీ మీద వేలు పెట్టింది. "ఆఖరి రోజు తప్పు చదివాను. దిద్దలేదు."

ఆసుపత్రి గది తలుపు పైన గడియారం ఉండేదని తిరుమలరావుకి అప్పుడు గుర్తొచ్చింది. ఆమె చూసింది ఏడెప్పుడవుతుందా అని.

"ఆఖరి అధ్యాయం నేనింకా చదవలేదు," అంది భాగ్యవతి. "ఇద్దరం కలిసి చదవాలనుకున్నాం. అందుకే నాకు అభిప్రాయం ఏటీ లేదు."

రోహిణి వంటింట్లోకి వెళ్లింది. వచ్చేటప్పుడు రెండు చేతుల్తో టీ గ్లాసు పట్టుకొచ్చి ఆమె ముందు కూలబడిపోయింది.

"పిన్నీ... నాకూ తెలుగు చదవడం సరిగా రాదు. చదివి వినిపించవా?"

భాగ్యవతి ఆ తలని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుంది.

తిరుమలరావు అలవాటు కొద్దీ లేచి వరండా దాకా వెళ్లాడు. ఆగాడు. వెనక్కి వచ్చి, ఎండ పడుతున్న మూల పక్కన కూర్చున్నాడు.

మూడో వాక్యంలో భాగ్యవతి ఒక మాట తప్పు చదివి, అలవాటుగా ఆగింది.

అతను మెల్లగా దిద్దాడు.